గదిలోకి వచ్చిన ఆరుమణి పిట్ట

తొంభై ఆరో సంవత్సరం, తమిళ ఐప్పసి నెల రెండో మంగళవారం, సాయంత్రం నాలుగున్నర. ఇప్పటికీ కోవిల్‌పట్టిలో మా పెరటి వేపచెట్టు కింద పొన్నంకి పిట్ట రెండు ముక్కల ఈల వేస్తే ఆ పొద్దే గుర్తొస్తుంది. అడవి పిట్ట అది. చలికాలం ముందు దక్షిణానికి దిగి, రాలిన ఆకులు తిరగేసి పురుగులు ఏరుకు తింటుంది. పొద్దు వాలే వేళ కూస్తుందని మావాళ్ళు ఆరుమణి కురువి అంటారు, ఆరు గంటల పిట్ట అని.

అప్పుడు నేను విరుదునగర్ అవతల ఒక పటాసుల ఫ్యాక్టరీలో, మందు నింపే గదిలో పనిచేసేదాన్ని. మా మీద మేస్త్రీ రంగమ్మక్క. దీపావళి దగ్గరపడింది. ఆ రోజు మబ్బు కమ్మడంతో పిట్ట ముందే కూసింది.

"ఆరు మణి ఆయ, ఇండ్లకు పోదాం," అన్నాను.

"ఓనరు కన్నా దానికే మనపైన పావం," అని పక్కన కూర్చున్న మరియమ్మ నవ్వింది.

ఆ నవ్వు ముగియకముందే పిట్ట తలుపులోంచి దూసుకొచ్చి, గోడకు కొట్టుకుని, మందు తట్టల మధ్య పడింది. ఒక్క తట్ట ఒరిగి మందు రాసుకుంటే చాలు, ఎవరమూ మిగలం. నేను చీపురు అందుకున్నాను.

"గురువమ్మా, ఎత్తబాక. అట్నే పట్టుకో," అంది రంగమ్మక్క, పిల్లకు అన్నం తినమని చెప్పినంత మెల్లగా. "ఎవురూ పరిగెత్తబాకండి. కొంగులు చుట్టుకోండి. తలుపు దగ్గరుండేవాళ్ళు ముందు."

ఒక్కొక్కరమే బయటికి వచ్చాం. ఆమె మాత్రం గోడకు ఆనుకుని, కదలకుండా లోపలే ఉండిపోయింది. చాలాసేపటికి పిట్ట రెక్క విప్పకుండా గెంతుకుంటూ తలుపు దాటింది. దాని వెనక ఆమె.

చెమట తుడుచుకోకుండానే ఆ గదిలో పనిచేసేవాళ్ళ పేర్ల పట్టీ తీసి చదివింది. నాలుగు పేర్లు. మేము ఏడుగురం. గదిలో నలుగురే ఉండాలని తలుపు మీద రాసే ఉందట. నాకప్పుడు అక్షరం రాదు. పండగ తొందరకు ముగ్గురిని ఎక్కువ కూర్చోబెట్టింది ఆమే. ఓనరు చెప్పాడని నేను ఆమెను వెనకేసుకు రాను. ఆమె కూడా ఆ మాట అనలేదు.

"మందు అంటుకునుంటే నిన్ను ఎవురని చెప్తారు? నువ్వు ఈడ లేనే లేవు," అంది నాతో.

"నా పేరు కూడా రాసెయ్యక్కా."

"నేను రాసేది కాదు. నువ్వు రాయి."

మర్నాటి నుంచి, ఓనరు తిట్టినా, మా ముగ్గురినీ డబ్బాలు అతికే షెడ్డుకు మార్చింది. మధ్యాహ్నం తిండి వేళ పాత అట్టల మీద నాచేత అక్షరాలు దిద్దించింది. నాకప్పుడు నలభై రెండేళ్ళు. ముందు తమిళం రాయడం వచ్చింది, ఇంట్లో మాట్లాడే తెలుగు రాయడం చాలా ఏళ్ళకు. పెళ్ళింట్లోనైనా బస్సులోనైనా ఇప్పటికీ ముందు తలలు లెక్కపెడతాను, తర్వాత తలుపు ఎటుందో చూస్తాను. ఆ కంగారు పోలేదు. పోవాలని నేనూ అనుకోను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళు: పట్టీలో ఉన్న రంగమ్మ, మరియమ్మ, ముత్తులక్ష్మి, పేచ్చియమ్మ. పట్టీలో లేని కృష్ణమ్మ, చెల్లమ్మ, గురువమ్మ.