కుడిచెవి ఓటు

పొద్దున్నే ముఖం కడుక్కుని అద్దం ముందు నిలబడగానే ఆమె కుడి చెవి పక్కన బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా రుద్దుతుంది. ఆ కాస్త రాపిడీ వినిపించాక ఎడమ చెవి దగ్గర కూడా అలాగే చేస్తుంది. తల దువ్వుకోవడం ఆ తర్వాతే.

"రెండూ హాజరేనా అమ్మా?" అని వంటింట్లోంచి కూతురు అడుగుతుంది.

"కుడిది టైముకే వచ్చింది. ఎడమది ఇంకా ఆవులిస్తోంది," అంటుంది ఆమె.

డెబ్భై దాటినా ఆమెను తెలిసినవాళ్లందరూ కుడిచెవి అనే పిలుస్తారు. అది రికార్డుల ఫ్యాక్టరీలో వచ్చిన పేరు. అక్కడ మిషన్ మీంచి దిగిన ప్రతి వంద రికార్డుల్లో ఒకటి పరీక్ష గదికి వచ్చేది. అది బాగుంటే మిగతా తొంభై తొమ్మిదీ బాగున్నట్టే లెక్క. స్టీరియో వచ్చాక పని రెట్టింపైంది. కుడివైపు వినిపించేది వేరు, ఎడమవైపు వినిపించేది వేరు. చిటపటలూ గరగరలూ ఒక్క పక్కనే దాక్కోవచ్చు. అందుకని బల్లకి ఇద్దరిని కూర్చోబెట్టారు. ఈమెకి కుడి చెవిలో మాత్రమే వినిపించే హెడ్‌ఫోన్ ఇచ్చారు. పక్క కుర్చీలోని ఆవిడకి ఎడమ చెవిది. ఆవిడ ఈమెకన్నా ఆరేళ్లు పెద్ద. అందరికీ ఎడమచెవి, ఈమెకి మాత్రం అక్క.

ఆ రోజుల్లో చాలా రికార్డుల్లో గొంతు ఎడమవైపు పెట్టి, వయొలిన్లూ డ్రమ్సూ కుడివైపుకి తోసేసేవారు. దాంతో కుడిచెవికి తెలిసిన పాటలన్నీ పాడేవాడు తప్ప అందరూ వచ్చిన కచేరీలే. అక్కకేమో పాడేవాడొక్కడే దిక్కూ మొక్కూ లేనివాడిలా వినిపించేవాడు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అక్క గొంతెత్తి పాడితే కుడిచెవి ఖాళీ టిఫిన్ డబ్బా మీద దరువేసేది. అప్పటిగ్గానీ పాట పూర్తయ్యేది కాదు. అలా ఒక్కో పాటనీ అతికించుకుంటూ వాళ్లు ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర పనిచేశారు. మధ్యలో రెండేళ్ల మూడు నెలలు తప్ప.

ఆ రెండేళ్ల మూడు నెలల సంగతి పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో మొదలైంది. మార్చి నెలలో వాళ్ల బల్ల మీంచి బాగుందన్న ఇద్దరి ముద్రలతో వెళ్లిన ఒక రికార్డు తాలూకు సరుకంతా ఆ నెలాఖరుకే దుకాణాల నుంచి వెనక్కి వచ్చింది. రెండో పాట మధ్యలో నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు. సూపర్వైజరు స్వయంగా విని, లోపం ఎడమవైపని తేల్చాడు. అక్కని పరీక్ష గదిలోంచి తీసేసి అట్టపెట్టెలు కట్టే విభాగంలో వేశారు. అక్కడ పాట అన్నదే వినపడదు. టేపు చింపే చప్పుడూ, పెట్టెలు నేలమీద పడే చప్పుడూ అంతే.

కుడిచెవి అప్పటికి టెంపరరీ ఉద్యోగి. ఇంట్లో పది నెలల పిల్ల, పని పోగొట్టుకున్న మొగుడు. ఆ తప్పు తన వైపు కానందుకు ఊపిరి పీల్చుకుంది, ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గుపడింది. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి అక్కని క్షమించడం మొదలుపెట్టింది. ఎవరైనా ఆ సరుకు మాట ఎత్తితే, "పోనిద్దురూ, అంత పనిలో ఎవరికి మాత్రం పొరపాటు రాదు," అని అడ్డం పడేది. ప్రతి చలికాలమూ అక్కకి ఉన్ని టోపీ అల్లి ఇచ్చేది. ఎడమ చెవి దగ్గర రెండు వరసలు ఎక్కువ.

"ఆ చెవిని జాగ్రత్తగా చూసుకో అక్కా."

"నువ్వుండగా దానికేం లోటే," అనేది అక్క, టోపీ పెట్టుకుని.

ఈ సంవత్సరం మొదట్లో ఊరి గ్రంథాలయం వాళ్లు పాటలు వినడానికి ఒక గది తెరుస్తున్నామని ప్రకటించారు. మూతపడిన ఫ్యాక్టరీలో దాచిపెట్టిన నమూనా రికార్డులన్నీ పెట్టెలతో సహా వాళ్లకి దక్కాయి. పెట్టె మీద సంవత్సరం, లోపల ఆ ఏడు అచ్చువేసిన ప్రతి రికార్డూ ఒకటి. కానీ గది చిన్నది. ఒక్క సంవత్సరం పెట్టేంత అలమరే ఉంది. మిగతావి కింద గోదాములో ఉండాలి, ఎన్నాళ్లో తెలియదు. అందుకని గుమ్మం దగ్గర అట్ట మీద రాసి పెట్టారు: "పాటల చరిత్రలో అన్నిటికన్నా గొప్ప సంవత్సరం ఏది? మీ ఓటు వేయండి."

ఊళ్లో వారం రోజులు ఇదే గోల. ఎవరు వేసినా ఓటు తమ ఇరవయ్యో ఏటికే పడింది. క్షవరం చేసే ఆయన, "నాకు జుట్టున్న ఆఖరి సంవత్సరం," అని చెప్పి మరీ వేశాడు. చివరికి డెబ్భై ఆరుకీ డెబ్భై తొమ్మిదికీ సరిగ్గా చెరో రెండు వందల పన్నెండు ఓట్లు వచ్చాయి. గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి తల పట్టుకుంది. ఎవరో ఫ్యాక్టరీ చెవులు రెండూ ఇంకా ఊళ్లోనే ఉన్నాయని చెబితే, ఆ పిల్ల ఫోన్ చేసింది.

"మీరిద్దరూ వచ్చి తేల్చాలండీ. మీ మాటే ఖాయం."

"తేల్చడానికేముందమ్మా, డెబ్భై ఆరు," అంది కుడిచెవి వెంటనే. "ఆ ఏడు మా బల్ల మీంచి వెళ్లిన సరుకు ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు."

"మరి పాటలు?"

"పాటలు కూడా బాగానే ఉండేవి."

అసలు కారణం ఆ పిల్లకి చెప్పలేదు. లోపం ఉన్న సరుకులోంచి కూడా ఫ్యాక్టరీ ఒక నమూనా దాచేది. దాని అట్ట మీద సూపర్వైజరు ఎర్ర సిరాతో రాసేవాడు. డెబ్భై తొమ్మిది గెలిస్తే, "లోపం: ఎడమ" అన్న అక్షరాలు పదిమందీ వచ్చే గదిలో అలమరా ఎక్కుతాయి. ఆ ఎడమ ఎవరో ఊళ్లో ఇంకా కొందరికి గుర్తే. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషికి ఇప్పుడా అవమానం అవసరమా? ఏం చేసైనా ఆపాలనుకుంది.

బుధవారం పది గంటలకి రమ్మన్నారు. కుడిచెవి తొమ్మిదింటికే వెళ్లింది. అమ్మాయి రెండు పెట్టెలూ బల్ల మీద పెట్టి, కాఫీ తెస్తానని బయటికెళ్లింది. కుడిచెవి గబగబా డెబ్భై తొమ్మిది పెట్టెలో మార్చి నెల వెతికింది. దొరికింది. ఎర్ర సిరా పాలిపోయింది గానీ చదవడానికి వీలుగానే ఉంది. లోపం: ఎడమ. కింద అక్క పొడి సంతకం.

సంచిలో పెట్టేసుకుందామనే తీసింది. కానీ రికార్డు చేతిలో పడ్డాక ఊరికే ఉండలేకపోయింది. అరచేతులతో అంచులు పట్టుకుని వెలుతురుకి ఎదురుగా వంచి చూసింది. పక్కనే ఉన్న రికార్డు మిషన్ మీద పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముల్లుని రెండో పాట మీద దించింది.

మొదట గొంతు వచ్చింది, ఎడమవైపు. నున్నగా, మచ్చలేకుండా. ఆ తర్వాత చిటపటలు మొదలయ్యాయి. కుడి చెవిలో.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి చూసింది. సరిగ్గానే పెట్టుకుంది. తిప్పి పెట్టుకుంది. చిటపటలు ఎడమకి వెళ్లాయి, వాటితో పాటు డ్రమ్సు కూడా. డ్రమ్సు ఎప్పుడూ తన వైపే. పెట్టెలోంచి ఇంకో రికార్డు తీసి అది కూడా వేసి చూసింది. గొంతు ఎడమ, వాయిద్యాలు కుడి. మిషన్‌లో తేడా లేదు. మళ్లీ మొదటిది వేసింది. మూడుసార్లు విని ముల్లు ఎత్తేసింది.

ఆ మార్చి నెల గుర్తుకొచ్చింది. పిల్లకి జ్వరం తగ్గలేదు. నాలుగు రాత్రులు కన్ను మూయలేదు. పరీక్ష గదిలో చల్లగా ఉండేది.

"ఏమే, అప్పుడే వచ్చి కూర్చున్నావా?" అంటూ అక్క కర్ర పొడుచుకుంటూ లోపలికి వచ్చింది. బల్ల మీద ఉన్న అట్టని చూసి గుమ్మం దగ్గరే ఆగింది.

"అక్కా, ఇది కుడివైపు."

"ఏది?"

"నాటకాలాడకు. చిటపటలు. కుడివైపు ఉన్నాయి."

అక్క వచ్చి నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. మోకాలు రుద్దుకుంది. "అవునే," అంది.

"నేను నిద్రపోయానా?"

"గురక కూడా పెట్టావు. చిన్నదే, పిల్లి గురక. లేపుదామని చెయ్యి ఎత్తాను. నీ మొహం చూస్తే లేపబుద్ధి కాలేదు. రెండు వైపులా నేనే వినేద్దామనుకున్నా. ఇంతలో ఇంకో నాలుగు రికార్డులు తెచ్చి పడేశారు. నువ్వు ఉలిక్కిపడి లేచి ఠక్కున ముద్ర గుద్దేశావు. నేనూ గుద్దేశాను."

"మరి సూపర్వైజరు స్వయంగా విన్నాడుగా! ఎడమ అన్నాడుగా!"

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆ పక్క జుట్టు ఈ పక్కకి దువ్వుకునేవాడు కదే, బట్టతల కనపడకుండా. రెండు వైపుల హెడ్‌ఫోన్ తనంతట తను పెట్టుకుంటే ఆ కట్టడమంతా కూలిపోతుందని భయం. ఎవరో ఒకళ్లం మెల్లగా తగిలించాలి. ఆ రోజు నేను తగిలించాను. తిరగేసి."

"అక్కా!"

"నేను పర్మనెంటు. మహా అయితే వేరే చోట వేస్తారు. నువ్వు టెంపరరీ. గేటు బయట పెట్టేవాళ్లు. పిల్లకి పాలడబ్బా ఎవడు తెస్తాడు, మీ ఆయనా?"

కుడిచెవి అట్ట మీది ఎర్ర అక్షరాలు మళ్లీ చదివింది. ఆ ఉద్యోగంతోనే పిల్ల చదువు, తర్వాత ఇల్లు, ఇప్పుడు నెలనెలా వచ్చే పెన్షను. ఇన్నేళ్లూ ఆమె వాటిని తన కష్టం అనుకుంది. కష్టం నిజమే. కానీ ఆ కుర్చీలో తనని ఉంచింది మాత్రం ఈ మోకాళ్ల నొప్పుల మనిషి.

"ఇన్నేళ్లూ నిన్ను క్షమించాను," అంది చివరికి. "టోపీలు అల్లి మరీ క్షమించాను. నోరు మూసుకుని ఎలా కూర్చున్నావు?"

"చెబితే నువ్వు ఆగుతావా? పరుగెత్తుకెళ్లి ఆయన ముందు ఒప్పేసుకునేదానివి. ఉద్యోగం పోయేది, నా శ్రమా వృథా. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు చెబుదామనుకున్నా. కానీ టోపీలు బాగున్నాయే."

కుడిచెవికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. దండం పెట్టబోతే అక్క ఆ చేతుల మీద చిన్న దెబ్బ వేసింది. "ఛీ, ఊరుకో. నేనేం ఫొటోనా దండం పెట్టడానికి?"

"నీకేం కష్టంగా అనిపించలేదా అక్కా? అట్టపెట్టెల దగ్గర?"

అక్క ఆలోచించింది. "పని ఏముందే, చేతులకి అలవాటవుతుంది. పాటలే," అంది. "మా ఇంట్లో రికార్డు మిషన్ ఎక్కడిది? మళ్లీ కుర్చీలోకి వచ్చేసరికి పాటలన్నీ మారిపోయాయి. బయట అందరూ పాడుతుండేవాళ్లు, నాకు పల్లవి కూడా తెలిసేది కాదు. డెబ్భై తొమ్మిదిలో నాకు తెలిసింది మార్చి వరకే."

కాఫీ గ్లాసులు పట్టుకుని గ్రంథాలయం అమ్మాయి లోపలికి వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి గాభరా పడింది. "ఏమైందండీ? గొడవ పడ్డారా? రెండూ పెట్టాలంటే చోటు లేదండీ, నిజంగా."

"గొడవేం లేదు. డెబ్భై తొమ్మిది," అంది కుడిచెవి.

"మీరు ఫోన్‌లో డెబ్భై ఆరన్నారు కదా?"

"అన్నాను. డెబ్భై ఆరులో తప్పు ఒక్కటీ లేదమ్మా. నేను పాటలకి మార్కులు వెయ్యలేదు, నా ముద్రకి వేసుకున్నాను. డెబ్భై తొమ్మిదిలో పాటలున్నాయి, ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా మా అక్క వినాల్సినవి. నాకు అంతకన్నా గొప్ప సంవత్సరం ఇంకోటి కనపడటం లేదు."

అమ్మాయి అక్క వైపు తిరిగింది. "మీరేమంటారండీ?"

"నేనేమంటాను? దానికి కోపం వస్తే టోపీలు ఆగిపోతాయి. డెబ్భై తొమ్మిదే రాసుకో."

కుడిచెవి పెన్ను అడిగింది. అట్ట మీద "ఎడమ" అన్న మాటని ఒక్క గీతతో కొట్టేసి పక్కనే "కుడి" అని రాసింది. కింద తన పూర్తి పేరు, తేదీ. తర్వాత పెన్ను అక్క ముందు పెట్టింది. ఫ్యాక్టరీలో దిద్దిన మాట చెల్లాలంటే బల్ల దగ్గర ఇద్దరి సంతకాలూ ఉండాలి.

"ఇన్నేళ్ల నాటి కాగితం. ఎవరు చూస్తారే?"

"నేను చూస్తాను. పెట్టు."

అక్క గొణుక్కుంటూనే సంతకం పెట్టింది. కుడిచెవి రికార్డుని అట్టలోకి తోసి అలమరాలో మార్చి నెల దగ్గర నిలబెట్టింది. తర్వాత ఏప్రిల్ నెలలో మొదటిది తీసి మిషన్ మీద వేసి, హెడ్‌ఫోన్లు తనే అక్క తలకి తగిలించింది. సరైన వైపే ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుంది. పాట మొదలైంది. మూడో నిమిషానికి అక్క కళ్లు మూసుకుని, "ఓహో, ఇదా ఆ పాట," అంది గట్టిగా, గదంతా వినపడేలా.

ఇప్పుడు ప్రతి బుధవారం పది గంటలకి ఇద్దరూ గ్రంథాలయానికి వెళ్తారు. వారానికి మూడు రికార్డులు వింటారు, అక్క మోకాళ్లు మొరాయించిన వారం రెండే. ప్రస్తుతం ఆగస్టు నెల నడుస్తోంది.