డప్పు కొట్టి అప్పజెప్పిన రెండెకరాలు

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. కోర్టు సంగతికొస్తే ఆ పూజారిని నేనే. చేవెళ్లలో కోర్టు అమీన్‌గా పనిచేశాను. జడ్జి తీర్పు చెబుతాడు, బెంచ్ క్లర్కు దాన్ని రికార్డుకెక్కిస్తాడు, అమలు చేసి రమ్మని మా పైఅధికారి నాజర్ నా చేతికిస్తాడు. మా జడ్జి మీద జిల్లా జడ్జి, ఆయన మీద హైకోర్టు. ఇంతమంది పెద్దలు కలిసి చెప్పిన న్యాయాన్ని పొలం గట్టు దాకా మోసుకుపోయి తన్నులు తినేది మాత్రం నేను.

పోలీసులు మావాళ్ళు కారు. ఈ ముక్క చెబితే జనం నమ్మరు. వాళ్ళ శాఖ వేరు, వాళ్ళ అధికారులు వేరు. తోడు కావాలంటే కోర్టు రాయాలి, వాళ్ళు పంపాలి. మేం పంపమన్నది ఒకటైతే వచ్చేది ఒకటి.

గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలమది. అక్కడ కంప్యూటర్ కంపెనీలు లేస్తుంటే ఇక్కడ మొయినాబాద్ చుట్టుపక్కల గొడ్డళ్ళు లేచాయి. నిన్నటిదాకా గడ్డి కూడా సరిగ్గా మొలవని చెలకల్ని కొనేవాళ్ళు కార్లు దిగి చూసిపోయేవారు. ఒక్క తల్లికి పుట్టినవాళ్ళు ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్నారు. తల మీద కుట్లు ఆరకముందే కోర్టు వరండాలో కూర్చున్నవాళ్ళను ఎందరిని చూశానో!

సురంగల్ దగ్గర ఒకామె ఉండేది. మొగుడు పోయాక కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని శంకర్‌పల్లి పోయి అమ్ముకుని బతికేది. తండ్రి భూమిలో తన వాటా కోసం ఇద్దరన్నల మీద దావా వేసింది. ఏళ్ళ తరబడి ప్రతి వాయిదాకూ వచ్చింది. చివరికి మా జడ్జిగారు రెండెకరాలు ఆమెవని తేల్చి, హద్దురాళ్ళు పాతి అప్పజెప్పమని నాకు ఆర్డరిచ్చారు. అన్నలేమో మొత్తం భూమికీ ప్లాట్లవాళ్ళ దగ్గర బయానా తీసుకుని కూర్చున్నారు. ఆ రోజు అడ్డుపడి నన్ను వెనక్కి పంపారంటే ఆమె మళ్ళీ పిటిషన్, మళ్ళీ నోటీసులు, మళ్ళీ వాయిదాలు. ఆలోగా అక్కడ రోడ్లు పడి, గోడలు లేచిపోతాయి. ఆమెకూ ఆ సంగతి తెలుసు.

పొద్దున్నే వెళ్ళాం. నేను, ఆమె, డప్పాయన, ఒక్క కానిస్టేబులు, రాళ్ళు పాతే కూలీ ఒకడు. భూమి అప్పగించేటప్పుడు డప్పు కొట్టి నలుగురూ వినేలా చెప్పాలి. అది పద్ధతి. మొదటి రాయి నిలబెట్టాం. డప్పు మోగింది. ఆ చప్పుడుకే అన్నలిద్దరూ వచ్చారు. పెద్దాయన చేతిలో గొడ్డలి, చిన్నాయన చేతిలో బడితె.

"ఎవడ్రా మా చెలకల రాళ్ళు పాతేది?"

"కోర్టు ఆర్డరు," అన్నాను.

"నీ కోర్టు చేవెళ్లల ఉన్నది. గిది మా భూమి!"

అంటూనే చిన్నాయన బడితె డప్పాయన నుదుటి మీద పడింది. నెత్తురు చివ్వున చిమ్మి డప్పు మీద పడింది. కూలీ గడ్డపార పారేసి పరుగెత్తాడు. కానిస్టేబులు స్టేషన్‌కు ఫోన్ చెయ్యడానికి రోడ్డు వైపు ఉరికాడు. నేను ఆర్డరు జేబులో దాచుకునేలోపే కడుపులో ఒక్క తన్ను. వెల్లకిలా పడ్డాను. పెద్దాయన కాలు నా రొమ్ము మీద, గొడ్డలి పైకి లేచింది. చచ్చానురా దేవుడా అనుకున్నాను. నిజంగానే అరిచాను కూడా.

గొడ్డలి దిగలేదు. ఆమె గడ్డపార అందుకుని అన్న తల మీద ఒక్కటి వేసింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. ఆయన నా పక్కనే కూలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చెవిలోంచి నెత్తురు కారుతోంది. చిన్నాయన బడితె వదిలేసి, అన్నను భుజాన వేసుకుని ఏడుస్తూ ఊళ్ళోకి పరుగెత్తాడు.

ఆమె గడ్డపార వదల్లేదు.

"రాళ్ళు పాతు అన్నా. భూమి అప్పజెప్పినట్టు రాసుకో. గీ యాళ తప్పితే మల్ల నాకు దక్కది."

ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకుని మిగతా రాళ్ళు నేనే పాతాను. డప్పాయన తువ్వాలు తలకు చుట్టుకుని మళ్ళీ కొట్టాడు. రాసుకున్నాను. ఆమె వేలిముద్ర వేసింది. ఆ వేలికి సిరా పూయబోతే ముందు నెత్తురు తుడవాల్సి వచ్చింది.

పెద్దాయన దవాఖానలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. చిన్నాయన ఫిర్యాదు చేశాడు, నేనూ చేశాను. ఆమె కొట్టకపోతే నేను చచ్చేవాణ్ణని పోలీసులకు ఒట్టేసి చెప్పాను. రాసుకున్నారు. "గదంత విచారణల చెప్పు సార్," అన్నారు. మర్నాడు చిన్నాయననూ ఆమెనూ కూడా కోర్టుకు పట్టుకొచ్చారు.

మాది చిన్న కోర్టు. సివిల్ దావాలు వినేదీ, నేరం కేసుల్లో రిమాండు చేసేదీ ఒకే జడ్జి, అదే కుర్చీ. ఆమె లోపలికి రాగానే ఆయన్ను గుర్తుపట్టింది. మొహం ఒక్కసారి విప్పారింది. అది చూసి నా గుండె చెరువైంది.

"సారూ, మీరే గద భూమి ఇచ్చిండ్రు! గీళ్ళకు జర చెప్పుండ్రి!"

జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తారు. మంచివాడాయన, అన్యాయంగా ఒక్క మాట అనడం నేనెన్నడూ వినలేదు. "అమ్మా, ఆ కేసు వేరు, ఈ కేసు వేరు," అన్నారు మెల్లగా.

"కేసులు రెండైతే అయినయి గాని, నేను ఒక్కదాన్నే గద సారూ," అంది ఆమె.

ఆయన రిమాండు మీద సంతకం చేశారు.