సాయంత్రం దాకా పరగడుపు

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన చలికాలంలో, షామ్‌బర్గ్ దగ్గర ఒక ఉచిత క్లినిక్‌లో వారానికొక సాయంత్రం షుగర్ రోగులను చూసే పని నాకు అప్పగించారు. పగలు నేను ఆసుపత్రిలో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. క్లినిక్‌లో పనిచేసేవాళ్లమంతా ఉద్యోగాలు ముగించుకుని వచ్చేవాళ్లమే కాబట్టి, తలుపులు తీసేసరికి చీకటి పడేది. ఇన్సూరెన్స్ లేనివాళ్లకు ఆ వేళకే వైద్యం.

మస్తానయ్యది నెల్లూరు వైపు. ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో దోసెల పెనం దగ్గర పని. రెండోసారి వచ్చినప్పుడు వాలంటీర్ నర్సు వేలు పొడిచి చూసి, షుగర్ నార్మల్‌లో ఉందని మెచ్చుకుంది. ఆయన మురిసిపోయాడు. మంచులో కారు నడుపుకుంటూ రాత్రి షిఫ్టుకు వెళ్లాలి, త్వరగా పంపించమన్నాడు. నేనూ పంపేసేదాన్నే. కానీ అంత చలిలోంచి వచ్చిన మనిషికి నుదుట చెమటలు పట్టాయి, చేతులు వణుకుతున్నాయి. మళ్లీ పొడిచి చూస్తే షుగర్ ఇంకా కిందికి జారింది. కారు తాళాలు తీసుకుని సొరుగులో పెట్టాను. ఆయనకది నచ్చలేదు. జ్యూస్ తాగించి, పద్ధతి ప్రకారం పావుగంట ఆగి కొలిచి, తేరుకున్నాక ఏం తిన్నారని అడిగాను.

"పొద్దున్నించి ఏం తిన్లేదమ్మా. రక్తం టెస్టంటే పరగడుపునే గదా రావాల?"

మన ఊళ్లలో షుగర్ టెస్టుకు తెల్లారగానే పరగడుపున వెళ్తాం, రక్తం ఇచ్చి వచ్చి టిఫిన్ తింటాం. ఆయన ఆ నియమాన్నే మా సాయంత్రం క్లినిక్‌కు నిష్ఠగా పాటించాడు, అదీ రోజంతా పెనం ముందు నిలబడి. మేం చేసేది మూడు నెలల సగటు చెప్పే ఏ1సి. దానికి ఉపవాసం అక్కర్లేదు. పైగా అది ఆ రోజు కూడా మొదటిసారిలాగే ఎక్కువే ఉంది.

షుగర్ దించే మాత్ర పొద్దునే వేసుకున్నానని కూడా చెప్పాడు. అన్నం మానినవారు ఆ మాత్ర ఎందుకు మానలేదని కాస్త కటువుగానే అడిగాను.

"మాత్ర మానేస్తే మీరు కోప్పడతారు గదమ్మా. అన్నం మానేస్తే ఎవురేమంటారు?"

మాత్ర మానొద్దని చెప్పిందీ మేమే, తినకుండా వేసుకోవద్దని చెప్పనిదీ మేమే.

ఆ వారం నుంచే అపాయింట్‌మెంట్ గుర్తుచేసే ఫోన్లలో భోజనం చేసి రమ్మని చెప్పించాను. మాట వినని రోగులతో జాగ్రత్తగా ఉండాలని మాకు మెడికల్ కాలేజీలో నేర్పారు. సగం చెప్పిన మాటను పూర్తిగా పాటించే రోగితో ఇంకా జాగ్రత్తగా ఉండాలని మస్తానయ్య దగ్గర నేర్చుకున్నాను.