గేర్ బాక్సుకు కట్చి రంగు

గేర్ ఆయిల్ వాసన చాలామందికి గిట్టదు. మొన్న వేలూరు బాగాయంలో ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆ ఘాటు ముక్కుకు తగలగానే నేను మాత్రం ఆగిపోయాను. తమిళనాడులోని మా గుడియాత్తంలో నాకు పని నేర్పిన మునిరత్నం మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయనకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పేవాడు.

డిప్లొమా చేతబట్టుకుని ఆయన దగ్గర చేరిన ఏడాదికే ఎన్నికలొచ్చాయి. అభ్యర్థి నిలబడి దణ్ణాలు పెట్టడానికి పైకప్పు లేని కారు కావాలన్నారు కట్చివాళ్లు. మా వైపు పార్టీని కట్చి అనే అంటాం. పాత జీపు ఇంజను, గేర్ బాక్సు, కొత్త ఫైబర్ బాడీ తెచ్చి బిగించే పని మేస్త్రి నాకు అప్పగించాడు. ఆ హుషారులో నేను కారు కిందికి దూరి గేర్ బాక్సుకు కూడా కట్చి రంగులైన నలుపు, ఎరుపు దట్టంగా పూశాను. అక్కడ ఎవరు చూస్తారని అడక్కండి.

మెల్లగా నడిపితే చుక్క కారలేదు. వేలూరు రోడ్డులో గట్టిగా తోలి తెచ్చి ఆపితే కింద నూనె మడుగు కట్టింది. నూనె కారకుండా ఆపే సీలు రెండుసార్లు మార్చినా అదే తంతు. మర్నాడు పొద్దున్నే కారు అణైకట్ వైపు ప్రచారానికి పోవాలి. సాయంత్రంలోగా బాగవకపోతే వేలూరు షెడ్డుకు తీసుకుపోతామని కట్చి కార్యదర్శి చెప్పేశాడు. అదే జరిగితే నా మూలంగా మేస్త్రి పరువు బజారున పడుతుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మేస్త్రి గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరాడు. గేర్ బాక్సు పైభాగం వేలితో తడిమి నన్నూ పిలిచాడు.

"సీలు బాగానే ఉండాదప్పా. వేగంగా తోలితే లోపల గాలి వేడెక్కి ఉబ్బుతాది. అది బయటికి పొయ్యే దోవ యాడుండాదో చూపించు."

చూపించలేకపోయాను. గాలి పోయే చిన్న రంధ్రం మీద నా రంగే గడ్డకట్టి ఉంది. దారిలేని గాలి నూనెను సీలు పక్కనుంచి బయటికి తోస్తోంది. మేస్త్రి చొక్కాకున్న పిన్నీసు తీసి నా చేతికిచ్చాడు. రంధ్రం మీది చిన్న మూత విప్పి, దాంతో రంగు గీకేశాను. విరించిపురం దాకా తొక్కిపట్టి తోలి వచ్చి, కారు కింద దినపత్రిక పరిచాం. ఒక్క మరక పడలేదు.

తప్పెవరిదని కార్యదర్శి అడిగాడు. నాదేనని చెప్పేలోగా మేస్త్రి అందుకుని, రంగు కొట్టాక చూసుకోవలసింది తానేనని, తప్పు తనదేనని తమిళంలో చెప్పేశాడు. నేను తల ఎత్తలేకపోయాను.

మర్నాడు అభ్యర్థి వచ్చాడు, మా బజారు తెలుగాయనే. కారు చుట్టూ తిరిగి చూసి, ఎవరు కట్టారని అడిగాడు. మేస్త్రి నా భుజం పట్టి ముందుకు తోశాడు.

"ఈయప్ప కట్టినాడన్నా. నేను గాదు."

మునిరత్నం మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. నాకూ ఒక షెడ్డుంది, పనివాళ్లున్నారు. బండి చెడిందని ఎవరైనా కోపంగా వస్తే నేనే ఎదురెళ్లి మాట్లాడతాను. బాగుందని చెప్పడానికి వచ్చినవాళ్లను మాత్రం లోపలికి, పనివాళ్ల దగ్గరికి పంపిస్తాను.