గాలిని కొలిచిన మా సత్తెమ్మత్త

మా మేనత్త సత్తెమ్మ దైవసన్నిధి చేరిందన్న వార్త పోయిన నెల ఒక గురువారం ఉదయం, పూజ దగ్గర వత్తి సవరిస్తున్న వేళ నాకు ఫోనులో తెలిసింది. చెప్పినవాడు ఆమె పొరుగింటి యాదయ్య. "భాగ్యా, అత్త పోయింది" అని మూడే మాటలన్నాడు. ఒక్కో మాటా విడిగా అర్థమైంది. మూడూ కలిపితే అర్థం కాలేదు. అంతకు ముందు సాయంత్రమే ఆమె నాతో మాట్లాడింది. ఫోనులో మా ఇంటి కూలర్ మోత విని, "రెక్కకు ఏదో తాకుతున్నది బిడ్డా, జర చూడు" అన్నది. నేనింకా చూడనే లేదు. అంతలోనే తెల్లవారుజామున ఛాతీలో నొప్పి రావడం, దవాఖానకు తీసుకుపోయేలోపే ఆ పుణ్యాత్మురాలు కన్నుమూయడం జరిగిపోయాయి.

శంషాబాద్ దాటి కొత్తూరు వైపు పోయేటప్పుడు పెద్దరోడ్డు నుంచి లోపలికి ఉన్న మా ఊళ్ళో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. మన భజన మండలి పత్రిక చదివే తక్కిన సోదరీమణుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆమె వ్యవసాయ కుటుంబంలో పుట్టింది. కొత్తూరులో ఒక పోత కార్ఖానాలో పనిచేసే మామయ్యను పెళ్ళాడింది. మామయ్య ఇంటి పెరట్లో చిన్న కొలిమి కట్టుకుని, సెలవు రోజుల్లో దీపపు కుందులు, మేకల మెడలో కట్టే గంటలు పోసేవాడు. ఆయన కాలం చేశాక కొలిమి చల్లారిపోతుందని అందరూ అనుకున్నారు. పెద్దకర్మ ముగిసిన వారానికి పెరట్లో మళ్ళీ పొగ లేచింది.

నేను బడికి వెళ్ళలేదు. చిన్ననాటి జ్వరం నా కాళ్ళను బలహీనపరచింది. తెలుగు మా నాన్న ఇంట్లోనే నేర్పాడు, ఆయనకు నమస్కారం. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ మాత్రం అత్త పెరట్లో, ఆమె విప్పి బాగుచేసే పాత మోటార్లకు బిగించిన రేకు ముక్కల మీద చదువుకున్నాను. ఆమెకు చదవడం రాదు, నాకు మోటార్ల సంగతి తెలియదు. నేను చదివేదాన్ని, ఆమె అర్థం చెప్పేది. ఇంతటి ఆనందకరమైన పాఠశాల భగవంతుడు ఎందరికి ప్రసాదిస్తాడు?

ఆమెలోని అపూర్వ గుణం జిజ్ఞాస. ఒకనాడు మా ఇంట్లో దుమ్ము పీల్చే వాక్యూమ్ మిషన్ మూతికి నేను అరచేయి అడ్డం పెట్టాను. దాని మోత ఒక్కసారిగా పెరిగింది. "పాపం, ఊపిరాడక అరుస్తున్నది అత్తా" అన్నాను. ఆమె నవ్వి, "పరేషానై అరుస్తలేదు బిడ్డా, పనిలేక అరుస్తున్నది. గాలి దొరక్కపోతే గా రెక్కలు దేన్ని మోస్తయి? ఉత్తగ తిరుగుతున్నయి, గందుకే జోరెక్కువైంది" అన్నది. నేను నమ్మలేదు. ఆమె ఊరుకోలేదు. మర్నాడు ఊరి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే మీటరు తెప్పించింది. మూతి మూస్తే కరెంటు నిజంగానే తగ్గింది! అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు గొంతు పెంచినా, "పని లేనట్టుంది" అనుకుని మౌనంగా నవ్వుకుంటాం.

ఆమె జీవితంలో నేను చూసిన అతి పెద్ద పరీక్ష మూడేళ్ళ కిందట వచ్చింది. మా ఊరి పోచమ్మ గుడి గంట పగిలింది. "నేను పోస్త" అన్నది అత్త. గంటలో ఊరందరి లోహం కలవాలన్నది మావాళ్ళ ఆనవాయితీ. పాత గంట ముక్కలకు తోడు ఇంటింటి నుంచి కంచు వచ్చింది. అంచు విరిగిన కంచాలు వచ్చాయి, సొట్టపడ్డ చెంబులు వచ్చాయి. ఒక ముసలమ్మ తన తల్లి తొడిగిన కాలి కడియాన్ని కళ్ళకద్దుకుని అత్త ఒడిలో వేసింది. ఆ క్షణాన అత్త ముఖంలో సంతోషం కన్నా భయమే ఎక్కువగా కనిపించింది.

ఆ భయం నిజమైంది. పెరటి కొలిమిలో పట్టే మూస, అంటే లోహం కరిగించే కుండ, చాలా చిన్నది. అందుకని కంచును రెండు మూసల్లో కరిగించి ఒకదాని వెంట ఒకటి అచ్చులో పోసింది. రెండోది అందేలోపే మొదటిది గట్టిపడింది. అచ్చు విప్పితే గంట నడుమ వెంట్రుకంత అతుకు. కొడితే ఖణఖణ మోగలేదు. చెక్కను కొట్టినట్టు చప్పుడైంది.

గుడి పెద్దగా ఉన్న యాదయ్య మెల్లగా అన్నాడు: "ఏమనుకోకక్కా. బోనాలకు నెల గూడ లేదు. పట్నంల ఒక గంట కొనుకొద్దాం."

"కొనుండ్రి. మరి గా ముసలామె కడియం వాపస్ ఇస్తవా?"

"కరిగిపాయె గదక్కా, ఎట్లిస్త?"

"గందుకే అడుగుతున్న. ఊరి కంచంత నా పెరట్ల పడున్నది. మోగకపోతే నేను ఎవలకు ఏం మొకం చూపియ్యాలె?"

యాదయ్య కాసేపు తల గోక్కుని, బోనాల ముందటి ఆదివారం దాకా గడువిచ్చాడు. అప్పటికీ కాకపోతే కొత్త గంట కొనడమే.

కంచంతా ఒకే మూసలో కరగాలి. అంత పెద్ద మూసకు బొగ్గు మంట చాలదు. ఒక ఇనుప డ్రమ్ముకు లోపల అగ్గి ఇటుకలు పేర్చి అత్త కొత్త కొలిమి కట్టింది. రోడ్డు మీది లారీ షెడ్లవాళ్ళు పాత ఇంజిన్ ఆయిల్ ఇచ్చారు. వాళ్ళకు మేము కృతజ్ఞులం. ఆ నూనె పైపులోకి బొట్లుబొట్లుగా జారుతుంటే వెనుక నుంచి గాలి కొట్టి మంటగా మార్చే బర్నర్ ఒకటి వెల్డింగ్ చేయించింది. ఇక మిగిలింది గాలి.

మొదట టేబుల్ ఫ్యాన్‌కు రేకు గొట్టం తొడిగి పైపుకు కలిపింది. ముఖానికి అంత హాయిగా తగిలే గాలి పైపు ఇరుకును చూసి వెనక్కి తిరిగింది. పెరడంతా నల్లటి పొగ. "అక్కా, మా బట్టలన్నీ నల్లగైనయి!" అని యాదయ్య గోడ అవతల నుంచి అరిచాడు. "ఇంతకుముందు తెల్లగున్నయా ఏంది?" అన్నది అత్త దగ్గుతూనే. తరువాత మా వాక్యూమ్ మిషన్ వంతు. అది ఎంత బలంగా ఊదిందంటే మంట పైపు కొనను వదిలి ముందుకు దూకి ఆరిపోయింది. పది నిమిషాల్లో మోటారు నుంచి కమురు వాసన వచ్చింది. నేను నిరుత్సాహపడ్డాను. అత్త మాత్రం కళ్ళు మెరుస్తుండగా, "చూసినవా? ఒకదానికి గాలున్నది గని బలం లేదు. ఇంకోదానికి బలమున్నది గని ఓపిక లేదు. మనకు నడిమిది గావాలె" అన్నది.

నడిమిదాన్ని గుర్తుపట్టడం ఎలా? ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్ళకు కిరాయికివ్వడానికి పక్క సందులో ఎవరో గదులు కడుతున్నారు. అక్కడ మేస్త్రీ గోడల మట్టం చూసే నీళ్ళ పైపును అత్త చాలాసేపు చూసి, రెండు మూరల ముక్క అడిగి తెచ్చింది. దాన్ని లాడంలా వంచి చెక్కకు కట్టింది. సగం దాకా నీళ్ళు పోసి, ఒక కొసను బర్నర్ పైపుకు వేసిన చిన్న రంధ్రంలో దూర్చింది. గాలి నెడితే ఒక వైపు నీళ్ళు దిగి రెండో వైపు ఎక్కుతాయి. ఆ తేడాయే గాలి బలం. నీళ్ళు కనబడటానికి కుంకుమ కావాలన్నది. పూజ కుంకుమ ఇవ్వడానికి నేను సందేహించాను. "అమ్మవారి పనికే గద బిడ్డా" అన్నది. సిగ్గుపడి భరిణె మొత్తం ఇచ్చాను.

ఆ బర్నర్ పైపును, నీళ్ళ గొట్టం కట్టిన చెక్కను పాత చీరలో చుట్టుకుని ఇద్దరం పట్నం బస్సెక్కాం. కండక్టర్ చూసి, "ఏందమ్మా గది, తుపాకా? ఎయిర్‌పోర్ట్ కాడ చెకింగ్ పెడితే నన్ను గూడ తీస్కపోతరు" అన్నాడు. "నిన్ను తీస్కపోయి ఏం జేస్కుంటరు? టికెట్ కొట్టు" అన్నది అత్త. బస్సంతా నవ్వింది.

మోటార్ల బజారులో దుకాణందారు ముందుగా అన్నిటికంటే పెద్ద బ్లోవర్ చూపించాడు. "గిది తీస్కో అమ్మా, జబర్దస్త్ గాలి!" అన్నాడు. "అన్నా, జర ఈ పైపుకు పెట్టి నడిపియ్యి" అన్నది అత్త. అంతవరకూ బ్లోవర్ కొనడానికి పైపు వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళను ఆయన చూడలేదట. అత్త పైపు మూతి తెరిచి ఒకసారి, అరచేత్తో మూసి ఒకసారి ఎర్రనీళ్ళ తేడాను వేళ్ళతో కొలిచింది. ఆ పెద్దది మూతి మూసినప్పుడు ఒక్క ఉదుటున నీళ్ళను పైకెగజిమ్మింది. దుకాణందారు తెల్లచొక్కా మీద ఎర్రటి చుక్కలు! నేను కొంగు పట్టుకుని తుడవబోయాను. ఆయన చొక్కా చూసుకుని, "హోలీ జల్ది వచ్చింది" అని నవ్వాడు. ఆ మంచి మనిషిని ఈనాటికీ పూజలో తలచుకుంటాను. ఆ తరువాత ఆయనే ఉత్సాహంగా ఒక్కొక్కటీ తీసి నడిపించాడు. చుట్టూ పదిమంది చేరారు. నీళ్ళు ఎంత ఎక్కుతాయో పందేలు కూడా వేసుకున్నారు.

చివరికి మూలన దుమ్ము పట్టిన ఒక చిన్న ఇనుప బ్లోవర్‌ను అత్తే వేలెత్తి చూపింది. ఏదో హోటల్ పొయ్యి నుంచి తీసినదట. దాని మూతి తెరిచినా మూసినా నీళ్ళ తేడా జానెడుకు కొంచెం తక్కువగా, దాదాపు ఒకేచోట నిలిచింది. మోటారులో అరిగిపోయే బొగ్గు ముక్కలు లేవు కనుక రోజంతా తిరిగినా అలసిపోదని చెప్పింది.

"గది పాతదమ్మా" అన్నాడు దుకాణందారు.

"నేను సుత పాతదాన్నే గదా అన్నా, పనికి రానా?"

వాపసు బస్సులో నేనడిగాను, అంత పెద్దదాన్ని వదిలి దీన్నే ఎందుకు ఎంచావని. ఆమె అన్న మాట నా మనసులో నాటుకుపోయింది: "ఎదురుగ ఏం లేనప్పుడు అందరు జోరుగనే ఉంటరు. అడ్డమొచ్చినా గదే తీరుగ నిలవడేదాన్ని తెచ్చుకోవాలె."

గడువు ఆదివారం పొద్దున్నే కొలిమి వెలిగించాం. బ్లోవర్ గాలి పీల్చే నోటికి అత్త ఒక రేకు తలుపు బిగించి, దాన్ని జరిపే పని నాకప్పగించింది. కొలిమి మూత రంధ్రంలోంచి మంట బెత్తెడు బయటికి వస్తే గాలి తక్కువ. అసలు కనబడకపోతే ఎక్కువ. వేలెడంత ఆడుతుంటే సరి. గంట గడిచింది. కంచు ఇంకా ముద్దముద్దగానే ఉంది. యాదయ్య ఆగలేక, "మొత్తం తెరువు భాగ్యా, జల్ది కరుగుతది" అన్నాడు. నేను తెరిచేశాను. మోత పెరిగింది, మంట నాలుక మాయమైంది. తెల్లగా వెలుగుతున్న కొలిమి లోపలి గోడ చూస్తుండగానే ఎర్రబారింది.

"ఎవరు తెరిచిండ్రు?" అన్నది అత్త, వెనక్కి తిరగకుండానే.

"నేనే అత్తా. యాదయ్య మామ చెప్పిండని…"

"గాలి ఎక్కువైతే పొయ్యి చల్లారుతది పిల్లా. మంటను అడుగు, యాదయ్యను అడగకు!"

తలుపు కొద్దికొద్దిగా మూశాను. నా తప్పు వల్ల ఊరి కంచు మరోసారి పాడైతే కడియమిచ్చిన ఆ ముసలమ్మకు ఏం సమాధానం చెప్పాలి అనుకుంటూ పోచమ్మను వేడుకుంటూనే ఉన్నాను. వేలెడంత నాలుక మళ్ళీ కనిపించింది. గోడ తెల్లబడింది. కాసేపటికి మూసలో కంచు అద్దంలా నిలిచింది. యాదయ్య, మా ఆయన పట్టకర్రలతో మూసను ఎత్తారు. అత్త "ఆగొద్దు, ఆగొద్దు" అంటుండగా ఒకే ధారగా అచ్చులో పోశారు.

మర్నాడు అచ్చు విప్పాం. అతుకు లేదు. కడియమిచ్చిన ముసలమ్మ గంట చుట్టూ చెయ్యి తిప్పి, "యాడున్నదే నా కడియం?" అని అడిగింది. "అంతట ఉన్నది అవ్వా" అన్నది అత్త.

బోనాల నాడు గంటను గుడిలో కట్టారు. మొదట అత్తే కొట్టాలని యాదయ్య పట్టుబట్టాడు. తీరా చూస్తే ఆమె అక్కడ లేదు. నాకు ఫోను వచ్చింది. ఊరి చివర ఎయిర్‌పోర్ట్ గోడ కనబడే దగ్గర నిలబడి ఉందట. "దగ్గర ఏ గంటైనా మోగుతది బిడ్డా. గుడికి రాలేనోళ్ళకు ఇనబడుతదా లేదా చూడాలె. కొట్టుండ్రి" అన్నది. ముసలమ్మ చేత కొట్టించాం. ఫోనులో పెద్ద మోత తప్ప ఏమీ వినబడలేదు. "ఆగుండ్రి, ఇమానం పోతున్నది" అన్నది. ఆగాం. "ఆఁ, ఇగ కొట్టుండ్రి." మళ్ళీ కొట్టించాం. ఆగలేక, "అత్తా, వినబడిందా?" అని అడిగాను. ఆమె అన్నది: "ఇనొచ్చింది."

ఎందుకని అడిగితే విసుక్కోకుండా, "చూద్దాం పా" అంటూ ముందు తానే లేచే మనిషి మా వంశంలో ఇక లేదు. నాకు అక్షరాలకు అవతలి చదువు చెప్పిన ఆ గురుమూర్తికి, ఊరి కంచుకు మళ్ళీ గొంతునిచ్చిన ఆ తల్లికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆమె పోయినప్పటి నుంచి మంగళ, శుక్రవారాల్లో గుడికి వెళ్ళి నేనే గంట కొడుతున్నాను. ఒకసారి కొట్టి, ఆకాశంలో మోత ఏదైనా ఉంటే అది దాటిపోయేదాకా ఆగి, మళ్ళీ కొడతాను. ఈసారి ఆమె ఎంత దూరాన నిలబడి వింటున్నదో నాకు తెలియదు.