మల్లేశ్ చొక్కా విప్పిన రోజు

ఉప్పల్‌కు మెట్రో వచ్చిన కొత్తలో నన్ను నాచారం వైపు ఒక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. తక్కువ బరువుతో పుట్టి, ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన పసికందులను వెళ్లి చూడటం మా విధుల్లో ముఖ్యమైనది. అలాంటి బిడ్డకు మొదటి శత్రువు చలి. ఒళ్లు చల్లబడితే పాలు తాగడు, తాగకపోతే ప్రాణం మీదికొస్తుంది.

చిల్కానగర్‌లో లావణ్య కొడుకు అలాంటివాడే. నేను వెళ్లేసరికి ఆమె అత్త రాజమణి నీళ్లు కాగబెట్టి, సాంబ్రాణికి నిప్పులు సిద్ధం చేసి, పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ గల్లీలో ఎవరింట పురుడొచ్చినా బిడ్డకు నీళ్లు పోసేది ఆమే. బిడ్డ పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. బరువు పెరిగేదాకా స్నానం వద్దు, పొగ అసలే వద్దన్నాను.

“గీ గల్లీ పోరగాళ్లందరు నా కాళ్ల మీదనే పెరిగిన్రు. నువ్వొచ్చి నాకు జెప్తవా బిడ్డా?” అంది.

వాదించే సమయం కాదు. కంగారూ పద్ధతికి దిగాను. బిడ్డకు టోపీ, లంగోటీ మాత్రం ఉంచి, పెద్దవాళ్ల ఒట్టి ఎదకు నిటారుగా ఆనించి, పైన దుప్పటి కప్పడమే ఆ పద్ధతి. నిద్ర లేక లావణ్య సోలిపోతోంది. అప్పుడే ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన ఆమె భర్త మల్లేశ్‌ను చొక్కా విప్పమన్నాను.

“మొగోడు బాలింత లెక్క కూసుంటడా? ఇజ్జత్ పోతది!” అంటూ రాజమణి తలుపు మూయబోయింది. అప్పటికే ఇరుగుపొరుగు గుమ్మంలో హాజరు. మల్లేశ్ చొక్కా విప్పి కూర్చుంటే, బిడ్డను అతని ఎదకు ఆనించి దుప్పటి కప్పాను. ముక్కు మీద ఈగ వాలినా అతను కదల్లేదు. “మేడం, తుమ్మొస్తే ఏం జెయ్యాలె?” అని గుసగుసగా అడిగాడు. గుమ్మం గొల్లుమంది.

కాసేపటికి రాజమణి దుప్పటి కింద చెయ్యి పెట్టి మనవడి పాదాలు తడిమింది. వెచ్చబడ్డాయి. వాడు నోరు తెరిచి పాల కోసం వెతుకుతున్నాడు. లావణ్య అందిస్తే గట్టిగా పట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రాజమణి లేచి, తన చేత్తోనే నిప్పుల మీద నీళ్లు చల్లింది.

మళ్లీ వెళ్లినప్పుడు బిడ్డ నానమ్మ ఎద మీద ఉన్నాడు. మల్లేశ్ బనియన్ కూడా తీసేసి ఎదురుగా నిలబడ్డాడు.

“ఎప్పటిసంది అడుగుతున్న, అమ్మ ఇస్తలేదు మేడం.”

“నువ్వు డ్యూటీకి పో. గీడ నేనున్న,” అంది రాజమణి. అంతలో పక్క గల్లీ నుంచి ఒకామె బిడ్డకు నీళ్లు పోయాలని పిలవడానికొచ్చింది. “ముందు బరువు జెప్పు. తక్కువుంటే నీళ్లొద్దు, ఎదకేసుకోవాలె. నేనొచ్చి సూపిస్త,” అని పంపించింది.

వద్దన్నంత మాత్రాన ఆనవాయితీ ఆగదు, ఆ చేతులకు ఇంకో పని అప్పగించాలి. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, నీళ్లు పోసే పెద్దమ్మ ఎవరో ముందు కనుక్కుని, బిడ్డను ఆమె ఎదకే ఆనించేదాన్ని.