కత్తెరమ్మ ఎదుటి కుర్చీ

ఆ వారపత్రిక ఆఫీసులో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. ముఖాన అనేంత ధైర్యం ఎవరికీ లేదు, ఆమె మేడ దిగి వెళ్ళాకే అనేవారు. ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తెలిసిందని మాత్రం వాళ్ళకు తెలియదు. పాఠకుల ఉత్తరాల పేజీ ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేతిలో ఉంది. పేజీ పేరు ‘మీ మాట’. మీ మాట అంటే మీ మాటే, కాకపోతే ఆమె చేయి దాటి వచ్చాక మిగిలినంత.

కత్తెర అన్నది పేరుకే, ఆమె చేతిలో ఉండేది ఎర్రసిరా పెన్ను. దాంతో తిట్లు కొట్టేసేది, శాపనార్థాలు కొట్టేసేది, ఒకరి పుట్టుకనో ఒంటి లోపాన్నో ఎత్తిపొడిచే మాటలన్నీ కొట్టేసేది. ఆ పైన ఏమైనా మిగిలితే అచ్చుకు పంపేది. నీళ్ళ సరఫరా అధికారిని ‘ఒట్టి దద్దమ్మ’ అని మొదలుపెట్టి, నడుమంతా అదే పాట పాడి, ‘ఒట్టి దద్దమ్మ’ అనే ముగించిన ఉత్తరంలో ఒకసారి సంతకం ఒక్కటే మిగిలింది. అదీ అడ్డదిడ్డంగా ఉందని ఆమె నవ్వుకుంది.

ఆమె పద్ధతి ఆమెది. బల్లకు అవతల ఎప్పుడూ ఒక ఖాళీ కుర్చీ ఉండేది. మధ్యాహ్నం మూడింటికి కింద అచ్చుయంత్రం మొదలయ్యేది. ఆ అదురుకు మేడ మీద బల్ల, గ్లాసులో నీళ్ళు, కిటికీలోంచి నేల మీద పడ్డ ఎండ, అన్నీ సన్నగా వణికేవి. ఆ వణుకులో ఆమె కళ్ళు సగం మూతపడేవి. అప్పుడు ఉత్తరం ఎవరి గురించి రాశారో ఆ మనిషి మెల్లగా మెట్లెక్కి వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చునేవాడు. వేరెవరికీ కనిపించడు, ఆమెకే కనిపిస్తాడు. నీళ్ళ అధికారి కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకునేవాడు. పాలు కల్తీ చేస్తాడని పేరుపడ్డ పాలవాడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఆమె గొంతు తగ్గించి ఉత్తరం వాళ్ళకే చదివి వినిపించేది. ముఖం చూస్తూ చదవగలిగిన వాక్యం ఉండేది, నోరు రాని వాక్యం పోయేది.

కొత్తగా వచ్చిన ఎడిటరుకు ఈ కొట్టివేతల వ్యవహారం మింగుడు పడలేదు. కుర్రవాడు, మాటకు అడ్డుకట్ట అంటే ఒంటికాలి మీద లేచేవాడు. జనం ఏమనుకుంటున్నారో అది వేయడమే మన పని, ఏది అనవచ్చో ఏది అనకూడదో తేల్చడానికి మనమెవరం అనేవాడు. ఆమె వాదనకు దిగేది కాదు. ఒక్కసారి మాత్రం, ఫలానా కుటుంబాన్ని వీధిలోంచి తరిమేయాలని ఎవరో రాసిన ఉత్తరం అతని ముందు పెట్టి, ఆ ఇంటి తలుపు తట్టి ఇది పైకి చదివి రమ్మంది. అతను చదువుకున్నాడు, మడిచాడు, తిరిగి ఇచ్చేశాడు. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, చిక్కంతా అక్కడే. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి టీ తాగారు.

ఆమెకు వెనకా ముందూ ఉన్నది అన్నయ్య ఒక్కడే. ఆమెకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. అమ్మా నాన్నా పోయాక వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించిందీ, చదివించిందీ, ఈ ఉద్యోగం దాకా నడిపించిందీ ఆయనే. ముప్పై ఆరేళ్ళు బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. హాస్యానికి పెట్టింది పేరు. ఆయన క్లాసులో నవ్వులకు పక్క క్లాసు పాఠం ఆగిపోయేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

బడివాళ్ళు కొత్తగా కట్టిన హాలుకు ఆయన పేరు పెడతామన్నారు. ఒక వారం పేజీ అంతా ఆయన గురించిన జ్ఞాపకాలే వేద్దామని ఎడిటరు అన్నాడు. ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. ఆమె మూడింటి వణుకులో అన్నయ్యను ఎదుటి కుర్చీలోకి పిలిచి ఒక్కొక్కటే చదివి వినిపించింది. ఆయన మీసాల చాటున నవ్వుకుంటున్నట్టే ఉంది. అంత హాయైన మధ్యాహ్నాలు ఆ గదిలో ఆమె ఎరగదు.

తొమ్మిదో ఉత్తరం బస్సు షెడ్డులో పనిచేసే మెకానిక్ రాశాడు. కాగితం అంచున గ్రీజు వేలిముద్ర ఉంది.

“నాకు నత్తి. ఏడో తరగతిలో సారు రోజూ నన్నే లేపి పాఠం చదవమనేవారు. నేను తడబడితే ఆయన కూడా నాలాగే తడబడి చూపించేవారు. క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వేది. నన్ను అందరి ముందూ నిలబెట్టి అవమానించారు. ఇప్పుడు నాకు నలభై నాలుగేళ్ళు. నలుగురున్న చోట ఇంతవరకు నోరు విప్పలేదు. మా పాప బడిలో ఏదైనా అడగాల్సివస్తే మా ఆవిడే వెళ్తుంది.”

ఆమె తలెత్తి కుర్చీ వైపు చూసింది. అన్నయ్య అక్కడే ఉన్నాడు, కానీ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. మొదటి వాక్యానికే ఆమెకు నోరు రాలేదు. తన లెక్క ప్రకారం ఆ ఉత్తరం మొత్తం పోవాలి. పోనివ్వడానికి లేదు, ఎడిటరు అప్పటికే చూసి ‘తప్పక వేయాలి’ అని పక్కన రాసి పంపాడు.

అప్పుడు ఆమె రూలే ఆమెను ఆదుకుంది. ఒంటి లోపాల ప్రస్తావన వేయం కదా. నత్తి పోయింది, నవ్వు పోయింది, పాప బడి పోయింది. ఒకరు ఇంకొకరిని వెక్కిరించకుండా పెట్టుకున్న రూలు అది. తన బాధ తాను చెప్పుకునే మనిషికి అది వర్తించదని ఆమెకు తెలియక కాదు. తెలిసే కొట్టేసింది. చివరికి ఒక్క వాక్యం మిగిలింది. ఎడిటరు మళ్ళీ చూడని శుద్ధప్రతి రాసేటప్పుడు అందులో ‘అవమానించారు’ కాస్తా ‘అనుమానించారు’ అయింది. ఆ చేతిరాతలో ‘వ’కూ ‘ను’కూ తేడా తెలియలేదని తనకు తాను చెప్పుకుంది. ఇరవై ఆరేళ్ళుగా కోడి కెలికిన రాతల్ని కూడా ఇట్టే చదివేసిన కళ్ళు అవి.

పత్రిక వచ్చింది. అన్నయ్య చదివి, ఏ సుద్దముక్కో పోయి ఉంటుంది, వాణ్ణి అనుమానించి ఉంటానులే అని నవ్వాడు. ఊళ్ళో కూడా అలాగే నవ్వుకున్నారు.

సోమవారం మూడింటికి యంత్రం మొదలయ్యే వేళకు మెకానిక్ మేడెక్కి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు గానీ గోళ్ళలో నలుపు పోలేదు. ఎవరూ చెప్పకుండానే ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. నిజం మనిషి బరువుకు ఆ కుర్చీ కిర్రుమంది. పత్రిక బల్ల మీద పరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

“మేడమ్, ఇది అ...” అని ఆగిపోయాడు.

మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ మాట ఏమిటో ఆమెకు తెలుసు, అందిద్దామని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. జన్మంతా ఇతరుల వాక్యాలు సరిచేసిన మనిషి. పెదవులు బిగబట్టి కూర్చుంది. బల్ల వణుకుతోంది, గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి, కింద వీధిలో బళ్ళ చప్పుడు ఎక్కడో నీటి అడుగు నుంచి వచ్చినట్టు వినిపిస్తోంది. ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు.

“అ... అవమానం, మేడమ్. అనుమానం అయితే నేను ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.”

అంతే అని లేచి వెళ్ళిపోయాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. వేసిన మాట మనిషిని గాయపరుస్తుందని ఇన్నాళ్ళూ కాపలా కాసింది. కొట్టేసిన మాట కూడా గాయపరుస్తుందని ఒక్కనాడూ తోచలేదు. ఎదుటి కుర్చీలో ఎప్పుడూ మాట పడేవాణ్ణే కూర్చోబెట్టింది, రాసినవాణ్ణి ఒక్కసారీ పిలవలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నయ్య ఎదురుగా కూర్చుని ఉత్తరం మొత్తం చదివింది. కోప్పడితే ఓర్చుకుందామనుకుంది, ఏడిస్తే ఓదారుద్దామనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“నాకు గుర్తు లేదే చిన్నీ.”

“అతనికి గుర్తుంది అన్నయ్యా. ఈ వారం ఉత్తరం మొత్తం వేస్తున్నాను.”

“నీకు అక్షరాలు నేర్పింది ఇందుకా?”

ఆమె ఉత్తరం మడిచి లేచింది. ఆ వారం దాన్ని పూర్తిగా వేసింది. పైన నల్లటి అక్షరాల్లో సవరణ వేసింది: ‘కిందటి సంచికలో అనుమానించారు అని పడినచోట అవమానించారు అని చదువుకోవాలి. ఇది అచ్చుతప్పు కాదు, ఈ పేజీ చూసే వ్యక్తి తప్పు.’ ఈసారి ఎడిటరు అది రెండుసార్లు చదివి, కింద అచ్చుకు పంపాడు.

అన్నయ్య మాట్లాడటం మానేశాడు. అడిగితే తల ఊపేవాడు, లేకపోతే అదీ లేదు. పదకొండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు, గడియారం చప్పుడు తప్ప మరొకటి లేదు. ఉన్న ఒక్క మనిషినీ పోగొట్టుకున్నానేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది. ఆఫీసులో ఉత్తరాలు పేరుకుపోయాయి. మూడింటికి బల్ల వణికినా కుర్చీలోకి ఎవరూ రావడం లేదు.

పన్నెండో రోజు తపాలాలో ఒక కవరు వచ్చింది. ఆ గుండ్రటి చేతిరాత అన్నయ్యదని ఆమె చూడగానే పోల్చుకుంది. పంపినవారి చిరునామా తన ఇల్లే. వంటింట్లో చేతికివ్వగలిగిన కాగితానికి ఆయన స్టాంపు అంటించి, వీధి చివర పోస్టు డబ్బా దాకా నడిచి వెళ్ళాడు. ఆమె కళ్ళు మూసుకుని ఎదుటి కుర్చీలోకి మెకానిక్‌ను పిలిచింది. వచ్చి కూర్చున్నాడు. అతనికి వినిపించేలా మెల్లగా చదవడం మొదలుపెట్టింది.

“అయ్యా, ఆ ఉత్తరంలో రాసినది నాకు గుర్తు లేదు. గుర్తు కూడా ఉండనంత తేలిగ్గా ఆ పని చేశానని ఇప్పుడు తెలిసింది. హాలుకు నా పేరు వద్దని బడివాళ్ళకు చెప్పాను. హాలు తెరిచే రోజున మొదట ఆ అబ్బాయి మాట్లాడాలని నా కోరిక. ఎంతసేపు పట్టినా పర్వాలేదు. నేను చివరి బెంచీలో కూర్చుని వింటాను.”